నా కంటి పసుపు

మార్చి 3

కరెంటాఫీసు మేనేజరు ఇవాళ స్వయంగా స్టూడియోకి వచ్చాడు. వాళ్ళ స్టాఫందరికీ మెడలో వేసుకునే గుర్తింపు కార్డుల ఫొటోలు పోయిన నెల నేనే తీసిచ్చాను. ఆ కార్డుల కట్ట తెచ్చి బల్ల మీద పడేశాడు.

"ఏంటండీ ఇవి? మా వాళ్ళందర్నీ అప్పుడే చెరువులోంచి బయటికి లాగినట్టున్నారు."

ఒక్కొక్కటీ తీసి చూశాను. నాకైతే ముఖాలు శుభ్రంగా, సహజంగా ఉన్నాయి. ఆ మాటే చెప్పాను.

"సహజమా? కొత్తగా చేరిన గేటు మనిషి నన్ను లోపలికి పోనివ్వలేదు. కార్డు చూసి, ఈ ఫొటోలో ఉన్నాయన మీ అన్నగారా, ఒంట్లో బాగుండటం లేదా అని పరామర్శించాడు."

మా ఆవిడ కౌంటరు దగ్గరే కూర్చుని ఉంది. నవ్వాపుకోడానికి బిల్లుపుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఫొటోలన్నీ మళ్ళీ తియ్యాలట. చచ్చినట్టు ఒప్పుకున్నాను.

లెన్సులో ఏదో తేడా వచ్చింది. చెమ్మకి లోపల బూజు పట్టి ఉంటుంది. ఎల్లుండి మెకానిక్‌కి చూపించాలి.

మార్చి 5

మెకానిక్ లెన్సు విప్పి, దీపం కింద అటూ ఇటూ తిప్పి, "అద్దంలా ఉంది సార్, ఇంకో పదేళ్ళు దీని జోలికి రాకండి" అన్నాడు. ఈ రోజుల్లో పని మీద శ్రద్ధ ఎవరికుంది?

మార్చి 8

మా స్టూడియో పక్కనే బావమరిది కళ్ళజోళ్ళ షాపు. మా ఆవిడకి తమ్ముడు. సాయంత్రం టీ టైముకి వాడు ఇటొస్తాడు, లేదా నేను అటెళ్తాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ మా ఇద్దరికీ ఒకటే గొడవ, కన్ను గొప్పదా కెమెరా గొప్పదా అని. ఇవాళ వాడికి ఊపొచ్చింది.

"అది దేవుడు చేసిన లెన్సు బావగారూ. మీ గాజుముక్క దాని కాలిగోటికి చాలదు. తెల్ల చొక్కా ఎండలో తెల్లగానే కనిపిస్తుంది, బల్బు కింద తెల్లగానే కనిపిస్తుంది. కన్ను తనంతట తనే సర్దుకుంటుంది. మీ కెమెరాకి ఆ తెలివుందా?"

"అది సర్దుకోవడం కాదోయ్, అబద్ధం చెప్పడం. బల్బు కింద చొక్కా పసుపే. కెమెరా ఉన్నదున్నట్టు చెబుతుంది. కన్ను నిన్ను బుజ్జగిస్తుంది."

అంతటితో వదల్లేదు. కాగితం మీద పక్కపక్కనే రెండు చుక్కలు పెట్టి వాడి చేతికిచ్చాను. ఎడమ కన్ను మూసుకుని, కుడి కంటితో ఎడమ చుక్కనే చూస్తూ కాగితం దగ్గరికి తెచ్చుకోమన్నాను. ఒకచోట కుడి చుక్క మాయమైంది. "అక్కడిప్పుడు ఏం కనిపిస్తోంది?" అంటే, "తెల్ల కాగితం" అన్నాడు. "అక్కడ ఉన్నది చుక్క. నీ దేవుడి లెన్సు వెనకాల చిల్లుంది, చిల్లు కనపడకుండా నీ బుర్ర అతుకేసింది. నా కెమెరాకి అలాంటి అతుకుల్లేవు" అన్నాను.

"ఆ చుక్క సంగతి నాకు తెలీదా? నేనమ్మేది కళ్ళజోళ్ళు, బెల్లం కాదు. అందుకే దేవుడు రెండో కన్ను కూడా ఇచ్చాడు" అన్నాడు.

నేనే గెలిచాను. నా టీ కూడా వాడే తాగేసి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ, "ఒకసారి మా కుర్చీలో కూర్చోకూడదూ, ఆ కళ్ళు చూస్తాను" అన్నాడు. వాడి కుర్చీలో కూర్చోవడమంటే ఓడిపోయానని సంతకం పెట్టడమే.

మార్చి 11

తప్పు లెన్సుది కాదు, మానిటర్‌ది. పాతదానిలో తెలుపంతా పసుపు కొడుతోంది. మార్చేశాను. కొత్తది కూడా పసుపే కొడుతోంది. ఏ కంపెనీనీ నమ్మడానికి లేదు.

మార్చి 14

అసలు సంగతి ఇవాళ తెలిసింది. స్టూడియో గోడలు పసుపెక్కాయి. వాటి మీద పడ్డ వెలుతురే కదా మనుషుల ముఖాల మీద పడేది. పెయింటర్ని పిలిపించి తెల్ల రంగు కలపమన్నాను. కలిపాడు. అది తెలుపు కాదు, మీగడ రంగు. కాస్త నీలం చుక్క వెయ్యమన్నాను. వేశాడు. ఇంకో చుక్క అన్నాను. ఇంకో చుక్క.

"సార్, ఇది తెలుపు దాటిపోయింది" అన్నాడు.

"ముప్ఫై ఏళ్ళుగా రంగులతో బతుకుతున్నాను. తెలుపేదో నువ్వు నాకు చెబుతావా?"

వాడు చెప్పినట్టే వేసి పోయాడు. సాయంత్రం మా ఆవిడ లోపలికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమండీ, ఇది స్టూడియోనా ఈతకొలనా?" అంది.

చాలాసేపు గోడలకేసి కాదు, నాకేసి చూసింది. నా పట్టుదల చూసి ముచ్చటపడినట్టుంది.

మార్చి 15

ఒక కాలికి నల్ల సాక్సు, రెండో కాలికి నీలం సాక్సు వేసుకున్నానని అమ్మాయి ఒకటే నవ్వు. ఈ సాక్సుల వాళ్ళు నలుపుకీ నీలానికీ తేడా తెలిసేలా చేసి చావరు.

మార్చి 19

మా ఇంటి పై వాటాలోనే అమ్మాయి, అల్లుడు ఉంటారు. అమ్మాయికి నెలలు నిండాయి. అల్లుడికి నైట్ డ్యూటీలు. తన పెద్ద పొట్టతో ఒక మంచి ఫొటో కావాలని అమ్మాయి అడిగింది. కిటికీ పక్కన కూర్చోబెట్టి తీశాను. ఒక పూటంతా రంగులు సరిచేసి ప్రింటిచ్చాను. నా పనితనమంతా అందులో పెట్టాను.

దాన్ని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత "బాగుంది నాన్నా" అంది. నేను మెట్లు దిగుతుంటే వాళ్ళమ్మతో అంటున్న మాట చెవిన పడింది. "నాన్నకి ఏమైందమ్మా? ఇందులో నేను చలికి కొయ్యబారిపోయినట్టున్నాను."

నెలలు నిండినవాళ్ళకి ఊరికే బెంగలుంటాయి.

మార్చి 22

ఇవాళ బావమరిది కుర్చీలో కూర్చున్నాను. పరీక్షకి కాదు, కాళ్ళు నొప్పిగా ఉండి. కూర్చోగానే వాడు లైటు తీసేశాడు.

"కింది వరస చదవండి."

గడగడా చదివేశాను. ఆ చార్టు వాడికి ఫొటో తీసి పెద్దది చేసిచ్చింది నేనే. కంఠతా వచ్చు. ఆ సంగతి వాడికి గుర్తొచ్చినట్టుంది, బీరువాలోంచి ఇంకో చార్టు తీసి తగిలించాడు. నాకు నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. పై మూడు వరసల తర్వాత అక్షరాలన్నీ మంచులో నిలబడ్డాయి.

వాడు ఏదో దీపం పెట్టి కళ్ళలోకి చాలాసేపు చూశాడు. నేను ఎదురుచూస్తున్న వేళాకోళం రాలేదు.

"బావగారూ, రెండు కళ్ళలోనూ శుక్లాలు. లోపలి లెన్సు ముదిరి పసుపెక్కింది. ఒక్కరోజులో వచ్చింది కాదు, ఏళ్ళ తరబడి మెల్లగా వచ్చింది కాబట్టి మీకు తెలీలేదు. పసుపు గాజులోంచి లోకాన్ని చూస్తున్నారు. ఆ పసుపు పోగొట్టాలని ప్రతి ఫొటోలోనూ నీలం కుమ్మరిస్తున్నారు."

"మందు వేసుకుంటే పోతుందా?"

"పోదు. ఆపరేషన్ చేసి ఆ లెన్సు తీసేసి కొత్తది పెడతారు."

"ఎవరు చేసిన లెన్సు?"

"ఎవరేంటి, కంపెనీ వాళ్ళు."

"కంపెనీ వాళ్ళు చేసిన ప్లాస్టిక్ ముక్క నా కంట్లో పెడతారా? దేవుడిచ్చినదాన్ని తీసి పారేసి?"

వాడు లైటు వేసి నా ముఖంలోకి చూశాడు. "మనిషి చేసిన లెన్సే గొప్పదని ఇన్నేళ్ళూ నా ప్రాణం తీసింది మీరే కదా బావగారూ."

"కెమెరాలో గొప్పదే. నా కంట్లో దానికేం పని?"

"దేవుడి లెన్సు పాడైతే మార్చుకోవాలి. మనిషి చేసింది ఇప్పుడు దానికంటే బాగుంటుంది."

ఇద్దరం ఎవరి పక్షాన మాట్లాడుతున్నామో ఇద్దరికీ ఒకేసారి తట్టింది. వాడికి నవ్వొచ్చింది. నాకు రాలేదు.

ఇక్కడ ఎవరూ చూడరు కాబట్టి రాసుకుంటున్నాను. నాకు భయంగా ఉంది. నాకొచ్చిన పని ఇదొక్కటే. ఆ డాక్టరు చెయ్యి వెంట్రుకవాసి అటో ఇటో అయితే నేను ఏం చేసుకుని బతకాలి? కాన్పు అయ్యేదాకా అక్కతో అనొద్దని వాడి చేత ఒట్టు వేయించుకున్నాను.

మార్చి 23

ఏమీ రాయాలని లేదు.

మార్చి 24

ఒక్కోసారి పొరపాటున శుక్లం కానిదాన్ని కూడా శుక్లం అంటారట. నలుగురైదుగురు డాక్టర్లకి చూపించుకుని, తీరిగ్గా ఆలోచించాలి. వానాకాలం వెళ్ళాక చూద్దాం.

మార్చి 29

ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం.

నర్సు కిటికీ దగ్గర పట్టుకుంటే తీశాను. తెల్లటి తువ్వాల్లో చుట్టారు. తొందరలో మొదటి రెండూ కదిలిపోయాయి. ఈసారి రంగుల జోలికి పోలేదు. కెమెరా ఏమిచ్చిందో అదే అందరికీ పంపాను. "నాన్న తీసిన ఫొటోల్లో చాన్నాళ్ళకి రంగు బాగా కుదిరింది" అని అమ్మాయి మురిసిపోయింది. అంటే నేను ముట్టుకోనిదే బాగుందన్నమాట. ఈ ముక్క బావమరిదికి తెలియనివ్వకూడదు.

ఏప్రిల్ 1

నిన్న ఇంటికి తీసుకొచ్చారు. అందరూ చిట్టి అని పిలుస్తున్నారు. నా కంటికి పసుపుగా ఉంది. ఉండదా మరి, నాకు పాలూ పసుపే.

ఏప్రిల్ 2

ఇవాళ ఇంకా పసుపుగా ఉంది. నా శుక్లం ముదురుతోంది కాబోలు.

ఒక్కరోజులోనా?

మధ్యాహ్నం మా ఆవిడతో అన్నాను, "చిట్టి పసుపుగా లేదూ?" అని.

"మీకు పసుపు కానిదేదండీ? గోడలు పసుపన్నారు. కొత్త మానిటర్ పసుపన్నారు. మొన్న ఉప్పు డబ్బా తీసి ఉప్పు పసుపన్నారు."

"నువ్వు చూశావా సరిగ్గా?"

"పొద్దస్తమానం నా ఒళ్ళోనే ఉంది. నాకు తెలీదూ?"

అమ్మాయి గదిలో పిల్లకి గాలి తగులుతుందని తెరలు వేసేశారు. పగలూ రాత్రీ చిన్న బల్బొకటి వెలుగుతూ ఉంటుంది. "ఎంత బుద్ధిమంతురాలో నాన్నా, ఏడవదు, పాలకి కూడా లేపాల్సొస్తోంది" అంది అమ్మాయి. అందరూ ఆ గదిలోనే కళ్ళలో వత్తులేసుకుని పిల్లని చూసుకుంటున్నారు. అంతమందికి కనపడనిది శుక్లాలవాడికి కనపడుతుందా? నోరు మూసుకుని కిందికి వచ్చేశాను.

ఏప్రిల్ 3

తెల్లారేసరికి ఒక సంగతి తట్టి లేచి కూర్చున్నాను. పసుపు గాజు తగిలించిన కెమెరాతో రోజూ ఫొటో తీస్తే, రోజూ ఒకే పసుపు రావాలి. మొన్న ఇంత, నిన్న అంత, ఇవాళ ఇంకెంతో అని రాదు. నా కన్నూ అంతే. మొన్నటికీ ఇవాళ్టికీ పాలు మారలేదు, ఉప్పు మారలేదు. మారింది చిట్టి ఒక్కతే.

ఇంకో ముక్క కూడా తట్టింది. బావమరిది ఇన్నేళ్ళుగా పొగిడిన గుణమే కన్నుది, ఏ వెలుతురుకైనా సర్దుకుపోవడం. ఆ చిన్న బల్బు కింద పొద్దస్తమానం ఒకే ముఖం చూస్తుంటే, అది రోజుకింత మారినా సర్దుకుపోతుంది. మా ఆవిడ కళ్ళు బాగున్నాయి కాబట్టే ఆవిడకి కనపడటం లేదు.

కెమెరా పట్టుకుని పైకి వెళ్ళాను. తెర తీసి, పిల్లని కిటికీ దగ్గర పడుకోబెట్టి, తల పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి తీశాను. "పొద్దున్నే ఏంటి నాన్నా, దొంగల్ని తీసినట్టు?" అంది అమ్మాయి నిద్రకళ్ళతో.

ఆసుపత్రిలో తీసింది, ఇప్పుడు తీసింది పక్కపక్కన పెట్టాను. నా కళ్ళని నమ్మదలుచుకోలేదు. ఫొటోలో ఏ చోట బాణం పెడితే ఆ చోట ఎరుపెంత, ఆకుపచ్చెంత, నీలమెంత అని కంప్యూటర్ అంకెలు చూపిస్తుంది. అంకెలకి శుక్లం రాదు. అక్కడి తెల్ల తువ్వాలూ ఇక్కడి తెల్ల కాగితమూ దాదాపు ఒకేలా ఉన్నాయి. చిట్టి నుదుటి మీద మాత్రం నీలం సగానికి పైగా పడిపోయింది. అంటే పసుపు పెరిగింది. ముక్కు మీదా, బుగ్గ మీదా అంతే.

మళ్ళీ పైకెళ్ళాను. బావమరిదిని కూడా రమ్మన్నాను. పిల్లకి పసుపెక్కుతోంది, ఆసుపత్రికి పదండి అన్నాను. మా ఆవిడ కళ్ళెర్రజేసింది.

"మళ్ళీ మొదలెట్టారా? పసిపిల్లని కూడా మీ రంగుల పిచ్చిలోకి లాగుతారా?"

ఇంక తప్పలేదు. "నాకు శుక్లాలు. రెండు కళ్ళలోనూ. నీ తమ్ముడు చూసి చెప్పాడు, నీతో చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను. గోడలు పసుపు కాదు, ఉప్పు పసుపు కాదు, నా కన్ను పసుపు. కానీ నా పసుపు రోజూ ఒకటే. దీని పసుపు రోజుకింత పెరుగుతోంది."

మా ఆవిడ తమ్ముడికేసి చూసింది. వాడు తల దించుకున్నాడు. ఇబ్బందిగా ఉండి, నవ్వించబోయి, పసుపుకీ కామెర్లకీ సంబంధించిన ఆ పాత సామెత ఎత్తబోయాడు. సగం మాట కూడా బయటికి రాకముందే అక్క చూసిన చూపుకి నోరు మూసుకున్నాడు. తర్వాత తెరలన్నీ బార్లా తీసి, ఎండ వెలుతురులో చిట్టి ముక్కు మీద వేలితో మెల్లగా నొక్కి వదిలాడు. వేలి కింద చర్మం నిమ్మపండులా ఉంది.

"అక్కా, చెప్పులేసుకో" అన్నాడు.

డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించింది. పుట్టిన పిల్లల్లో చాలామందికి కామెర్లు వస్తాయట, దీనికి కాస్త ఎక్కువ వచ్చాయట. "సమయానికి తెచ్చారు. ఇంకో రెండ్రోజులు ఆగుంటే కంగారు పడాల్సి వచ్చేది. మందులేం అక్కర్లేదు, నీలం లైటు కింద పడుకోబెడితే తగ్గిపోతుంది" అంది.

"నీలం లైటా?" అన్నాను. బావమరిది గోడ వైపు తిరిగిపోయాడు. భుజాలు కదులుతున్నాయి.

"మొదట గమనించింది ఎవరు?" అని అడిగింది డాక్టరమ్మ.

మా ఆవిడ నన్ను చూపించింది. "ఈయనండీ. ఈయనకి రెండు కళ్ళలో శుక్లాలు."

డాక్టరమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఏమీ రాసుకోకుండా కలం జేబులో పెట్టేసుకుంది.

ఏప్రిల్ 4

చిట్టి కళ్ళకి గంతలు కట్టి నీలం దీపం కింద పడుకోబెట్టారు. నాకది మామూలు మసక దీపంలాగే కనిపించింది. అంత నీలమని అమ్మాయి చెబితేనే తెలిసింది.

మా ఆవిడ నాతో మాట్లాడటం లేదు. మాట్లాడకుండానే కంటి ఆసుపత్రిలో నా ఆపరేషన్‌కి రోజు ఖాయం చేసింది.

ఏప్రిల్ 6

ఇంటికొచ్చేశాం. చిట్టి రాత్రంతా ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. అందరికీ ఎంత సంతోషమో.

ఏప్రిల్ 16

రేపే. ముందు కుడి కన్నట. మత్తు కూడా ఇవ్వరట, మెలకువగానే ఉంటానట. తీసేసిన నా లెన్సు ఇంటికిస్తారా అని అడిగాను. ఇవ్వరట.

మా ఆవిడ పక్కన కూర్చుని, "భయమేస్తోందా?" అని అడిగింది. పన్నెండు రోజుల తర్వాత అదే మొదటి మాట. వేస్తోందన్నాను. "చెప్పుంటే ఇన్నాళ్ళూ నేనూ కలిసి భయపడేదాన్ని కదా" అంది. నాకు ఏడుపొచ్చింది.

ఏప్రిల్ 18

కట్టు విప్పారు. ముందు కనపడింది కిటికీలోంచి ఆకాశం. అంత నీలం ఉంటుందని మర్చిపోయాను. సిగ్గు లేకుండా అక్కడే కూర్చుని చూశాను.

స్టూడియోకి వెళ్ళి తలుపు తీసి, "ఎవడేశాడీ రంగు?" అన్నాను. మా ఆవిడ కౌంటరు మీద తల పెట్టుకుని పడి పడి నవ్వింది. నా నల్ల ప్యాంట్లలో రెండు నీలంవి. ఎడమ కన్ను ఇంకా పాతదే కదా, ఒకటి మూసి ఒకటి తెరిచి ఇల్లంతా చూస్తూ తిరిగాను. ఎదురింటావిడ తనకే కన్ను కొడుతున్నాననుకుని తలుపేసుకుంది.

సాయంత్రం బావమరిది వచ్చి, ఇప్పుడు చెప్పండి, ఏ లెన్సు గొప్పదని అడిగాడు. చెప్పకుండా వాడి టీ కూడా నేనే తాగేశాను.

ఏప్రిల్ 27

చిట్టి ఫొటో ఒకటి స్టూడియోలో పెట్టాలని మొత్తం తెరిచి కూర్చున్నాను. ఇప్పుడు బుగ్గలొచ్చాయి, రంగు తేలింది, చక్కనివి చాలా ఉన్నాయి. అమ్మాయి వాటినన్నిటినీ దాటేసి, తల పక్కన తెల్ల కాగితం ఉన్న ఫొటో దగ్గర ఆగింది.

"ఇది పెట్టు నాన్నా."

"ఇదా? పిల్ల పసుపుగా ఉంది. ఉండు, సరిచేస్తాను." చెయ్యి అలవాటుగా మౌసు మీదికి పోయింది.

అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ముట్టుకోకు. ఆ రోజు దీన్ని ఒళ్ళో పెట్టుకుని కూడా నేను చూళ్ళేదు. నువ్వు చూశావు. నువ్వు చూసింది అలాగే ఉండనీ."

ప్రింటు తీసి, ఫ్రేము కట్టి, కౌంటరు వెనక తగిలించాను. ఇవాళ పాస్‌పోర్టు ఫొటోకి వచ్చిన ఒకావిడ కూర్చున్నంతసేపూ దానికేసే చూసింది. వెళ్ళేముందు మొహమాటపడుతూ అంది.

"ఏమనుకోకండి, ఆ పిల్ల ఫొటోలో రంగు కాస్త సరిచెయ్యాల్సిందండీ."

"రంగు సరిగ్గానే ఉందమ్మా. ఆ రోజు మా మనవరాలు ఆ రంగులోనే ఉంది" అన్నాను.